రాబోయే కంప్యూటరూ, నాన్న రొయ్యల లెక్కా

ఇంజనీరింగ్ చదివే ఆ రోజుల్లో నాకు కంప్యూటరు లేదు గానీ, ఇంకా పుట్టని కంప్యూటర్ల గురించి నాకు తెలియని విషయం లేదు. ఎక్కడో ఎవరో లీకు చేశారని ఇంకెవరో రాస్తే, దాని మీద నేనొక ఊహ అల్లి, ధరతో సహా హాస్టల్లో ప్రకటించేదాన్ని. స్నేహితురాళ్ళు నా పేరు మానేసి ‘వచ్చే మోడల్’ అని పిలిచేవారు (అది వెక్కిరింపని చాలాకాలం తెలియలేదు).

ఇంట్లో మాత్రం ఆ ముచ్చట వినేవాళ్ళు లేరు. అల్లూరు దగ్గర నాన్నకు రొయ్యల గుంటలున్నాయి. నన్ను ఫిషరీస్ కోర్సులో చేర్చాలని ఆయన ఆశ. నేను మొండికేసి కంప్యూటర్లలో చేరానని నాతో మాట్లాడడం మానేశారు. “అన్నం తినమని చెప్పు దానికి,” అని నా ఎదురుగానే అమ్మతో అనేవారు. రెండు తిట్లు తిట్టినా బాగుండునని ఏడుపొచ్చేది.

ఒక సెలవు సాయంత్రం గుంట గట్టు మీద కూర్చుని స్నేహితురాలికి ఫోన్లో ఉపన్యాసమిస్తున్నాను. “కొత్త చిప్పులో నానోమీటర్లు ఇంకా తగ్గుతాయంట. తగ్గేకొద్దీ మంచిది, రేటూ ఎక్కువే!” మేత చల్లుతున్న నాన్న చెయ్యి ఆగింది. “తగ్గితే రేటెక్కువా?” అన్నారు. నెలల తరవాత నాతో నేరుగా అన్న మాట అదే. అవునన్నాను. “అయితే మన రొయ్యల కౌంటు మాదిరే! కిలోకి ముప్పై తూగేదాని కన్నా ఇరవై తూగే రొయ్యకే గదా రేటు!” అంటూ గట్టు మీద చతికిలబడ్డారు.

ఇక ఇంట్లో ఉంటే ఎదురుగా, హాస్టల్లో ఉంటే ఫోన్లో, రోజూ అదే పని. “రాబోయేదాన్ని గురించి ఏమంటుండారు పాపా?” అని అడిగేవారు. నేను చెప్పేదాన్ని. “పండగ దాటితే రేటు దిగుతాది, ఆగుదాం,” అని తేల్చేవారు. నాకూ ఆగడమే కావాలి. కొనేస్తే మా ఇద్దరికీ మళ్ళీ మాటలుండవేమోనని భయం. అందుకని ఒక మోడల్ బజార్లోకి రాగానే దాన్ని తీసిపారేసి, తరవాతిదాన్ని పొగడడం మొదలుపెట్టేదాన్ని.

ఆఖరి ఏడాది ప్రాజెక్టు మీదికొచ్చింది. అమ్మకు ఓపిక నశించి మా ఇద్దర్నీ నెల్లూరు లాక్కెళ్ళింది. షాపతను మెమరీ ఎనిమిది జీబీనా, పదహారా అని అడిగాడు. “పదహారెందుకయ్యా, చిన్న సరుకు! ఎనిమిదిదే ఇయ్యి, రేటెక్కువైనా ఫర్వాలా,” అన్నారు నాన్న, దర్జాగా. షాపతను నా వంక చూశాడు. నేను సీలింగు ఫ్యాను వంక చూశాను. నాన్న మళ్ళీ, “దీని తర్వాతది ఎప్పుడొస్తాది?” అన్నారు. మూడు నెలల్లో రావచ్చన్నాడతను. “అయితే ఆగుదాం!” అన్నాం తండ్రీకూతుళ్ళం ఒక్కసారే.

“మీరిద్దరూ ఆగండి, నేను కొంటుండా,” అని అమ్మ డబ్బు కట్టేసి పెట్టెని ఆటో ఎక్కించింది (పదహారుదే).

ఆ సాయంత్రం కంప్యూటరు వెలిగింది. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూసి, బయటికి వెళ్ళిపోయారు. అంతే, అయిపోయిందనుకున్నాను. ఇంతలో కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి నా పక్కన వేసుకున్నారు. “ఇది కొనేసినాం గదా, ఇంక దీని మాటెందుకు. రాబోయేదాంట్లో ఏముంటాదంట?”

నిజానికి ఆ రోజు నాకు కొత్త సంగతులేవీ తెలియవు. అయినా ఉన్నవీ లేనివీ కలిపి, అమ్మ అన్నానికి పిలిచేదాకా చెప్పాను. ఇప్పుడు ఆఫీసువాళ్ళు ఏది ఇస్తే దాని ముందు కూర్చుంటున్నాను, అందులో ఏముందో కూడా చూడను. తెలియనిదాన్ని గురించి అంత ధీమాగా, అంత సంతోషంగా మాట్లాడిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా.