వరండాలో డాక్టరు చెప్పిన మాట

మా అక్క చనిపోవడానికి ముందు ఆసుపత్రి వరండాలో డాక్టరు నాకు ఒక సంగతి చెప్పింది. అది నా భార్యకు చేరవలసిన సంగతి. నేను చేర్చలేదు. ఏళ్ళ తరబడి నా దగ్గరే పెట్టుకున్నాను.

మా బంధువుల్లో నాకు మంచి పేరుంది. భార్య జబ్బుపడితే వండిపెట్టాడు, ఆసుపత్రులన్నీ తిప్పాడు అంటారు. అది నిజమే. దానికి ముందు నేనేం చేశానో వాళ్ళకు తెలియదు. తెలియాలని రాస్తున్నాను. మా ఇంట్లో తెలుగు మాట్లాడటమే కానీ చదవడం అందరికీ రాదు. మేముండేది తమిళుల ఊరు, బడిలో చదివింది తమిళం. నా భార్యకూ అంతే. అందుకని రాసినదంతా ఆమెకు చదివి వినిపించాను. ఒకచోట ఆపి, "ఆ పొద్దు నేను దోసె పోయలే మామా, ఉప్మా చేసినా," అంది. దిద్దుకున్నాను.

నా భార్య మా అక్క కూతురే. మేనమామకు పిల్లనివ్వడం మాలో వాడుక. పుట్టినప్పటి నుంచి మామా అంటూ ఉంది, పెళ్ళయ్యాక కూడా అదే పిలుపు.

అక్కను బాహూరులో వ్యవసాయం చేసే ఇంటికి ఇచ్చాం. రొమ్ములో గడ్డ తగిలితే నాట్లు అయిపోనీ, కోతలు అయిపోనీ అంటూ ఎవరికీ చెప్పకుండా గడిపింది. ఆసుపత్రికి తెచ్చేసరికి ముదిరిపోయింది. బావ డాక్టర్ల ముందు నోరు విప్పడు. నేను తట్టాంచావడిలో ఒక ఫ్యాక్టరీలో మెషిన్ల మరమ్మతు చూసేవాణ్ణి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. అందువల్ల ఏ విషయమైనా నన్నే పిలిచి చెప్పేవాళ్ళు.

ఆ రోజు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, మా అమ్మ వైపు ఎవరికైనా ఇలా వచ్చిందా అని తమిళంలో అడిగింది. మా చిన్నమ్మ ఒకామె ఛాతీ మీద పుండుతో చిన్నవయసులోనే పోయిందని చెప్పాను. డాక్టరు నేను ఏం పని చేస్తానని అడిగింది. చెప్పాను. "అయితే మీకు తొందరగా అర్థమవుతుంది," అంది.

ఒంట్లో డీఎన్ఏ రోజూ ఎక్కడో ఒకచోట తెగుతూనే ఉంటుందట. దాన్ని అతికించే పని కొన్ని జన్యువులది. ఆ జన్యువుల్లో ఒకటి పుట్టుకతోనే తేడాగా వస్తే మరమ్మతు సరిగా జరగదు. తెగినవి తెగినట్టు మిగిలిపోతూ ఉంటే కొందరికి క్యాన్సర్ వస్తుంది. అందరికీ వస్తుందని కాదు, కానీ మిగతావాళ్ళ కంటే ముప్పు ఎక్కువ. తల్లికి ఆ తేడా ఉంటే బిడ్డకు రావడానికి, రాకపోవడానికి సగం సగం అవకాశం.

"ఈమెకు కూతురుందా?" అని అడిగింది.

"ఉంది," అన్నాను. ఆ కూతురు నా భార్య అని చెప్పలేదు.

"ఆ అమ్మాయిని ఇప్పటి నుంచే ఏటేటా చూపించండి. రక్త పరీక్ష ఉంది, బయటి ఊరికి పంపాలి. మీరు తమ్ముడు కదా, మీకూ ఉండవచ్చు. మగవాళ్ళ నుంచి కూడా పిల్లలకు పోతుంది."

ఆ చివరి మాట వినే వరకు ఇదంతా ఆడవాళ్ళ వ్యవహారం అనుకుంటూ తల ఊపుతున్నాను.

ఒర్లియంపేటలో మా ఇంటికి వచ్చేసరికి నా భార్య మా పాపకు అన్నం పెడుతోంది.

"డాక్టరమ్మ ఏం చెప్పింది మామా?"

"ముదిరిపోయిందంట."

"ఇంకేం చెప్పలేదా?"

"ఇంకేముంది చెప్పేదానికి."

తల్లి చావుబతుకుల్లో ఉంటే కూతురికి ఇది చెప్పడమా అని అప్పుడు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అక్క పోయింది, కర్మలు అయ్యాయి, ఆ సాకు కూడా అయిపోయింది. ఎత్తుకుని తిప్పిన పిల్లతో రొమ్ము గురించి ఎలా మాట్లాడతాను అన్నది తరువాతి సాకు. పెళ్ళయి బిడ్డను కన్న మనిషి దగ్గర అదేం సిగ్గు? అసలు సంగతి వేరు. ఆమె భాగం చెబితే నా భాగం కూడా చెప్పాలి. నేనూ రక్తం ఇవ్వాలి. నాలో ఉందని తేలితే పాపకు నేనే ఇచ్చానేమో అన్న అనుమానంతో బతకాలి. ఆమెకు తెలియనంత కాలం నాకూ తెలియనట్టే అనుకున్నాను.

కొన్నేళ్ళకు మా ఫ్యాక్టరీలో పనివాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళకు ఉచిత వైద్య శిబిరం పెట్టారు. రొమ్ము పరీక్ష కూడా ఉంది. షామియానా కింద ఫ్యాన్లు, లైట్లు బిగించే పని నాది. ఆ పొద్దున నా భార్య ఉప్మా వడ్డిస్తూ అడిగింది.

"మీ కంపెనీలో ఏందో క్యాంపంట గదా మామా? పక్కింటక్క పోతా ఉండాది. నేనూ వచ్చేదా?"

"అది లేబరోళ్ళకు. వాళ్ళ మధ్య నువ్వు యాడ నిలబడతావు?"

"ఓహో. మా మామ ముదలాళి అయిపోయినాడు, నాకే తెలియలే," అని నవ్వింది.

నేను యజమానినీ కాదు, ఏమీ కాదు. అక్కడి డాక్టరు మీ అమ్మ దేనితో పోయిందని ఆమెను అడుగుతుందని నా భయం. ఒకదాని వెంట ఒకటి ప్రశ్నలు వస్తాయి, చివరికి నా దగ్గరికి వస్తాయి. ఆ రోజంతా ఒక ఫ్యాను పక్కన నిలబడి, ఆడవాళ్ళు తెర వెనక్కి వెళ్ళడం, పైట సర్దుకుంటూ బయటికి రావడం చూశాను. పక్కింటామె నన్ను చూసి, "మీ ఇంటామెను పిలుచుకొని రాలేదా?" అంది. ఇంట్లో పని ఉందన్నాను.

మరుసటి ఏడు నా భార్యకు గడ్డ తగిలింది. తల్లిలా దాచుకోలేదు, ఆ రోజే చెప్పింది. "అమ్మకు వచ్చినట్టే ఉండాది మామా," అంది. అప్పటికే చంక దాకా పాకింది. ఆపరేషన్ చేశారు, మందులు ఎక్కించారు, జుట్టు రాలిపోయింది. చూడటానికి వచ్చినవాళ్ళు ఎందుకొచ్చిందని అడిగితే, "వాళ్ళమ్మ వైపు నుంచి వచ్చిందంట," అనేవాణ్ణి. ఒకసారి మంచం మీద నుంచి విని, "వాళ్ళమ్మ అంట," అంది. "మా అమ్మ నీకేమైతాది మామా? దారిన పోయే మనిషా?" అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

తరువాత జన్యు పరీక్షకు పంపుతామని డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి మా వంశం గీసింది. ఆడవాళ్ళకు సున్నాలు, మగవాళ్ళకు చదరాలు. నా భార్య నుంచి గీత పైకి అక్క దగ్గరికి పోయింది, అక్క నుంచి పక్కకు నా దగ్గరికి వచ్చింది, నా నుంచి మళ్ళీ నా భార్యకే చేరింది. డాక్టరు పెన్ను ఆపి అడిగింది. "అమ్మకు వచ్చినప్పుడు ఎవరూ చెప్పలేదా, మీరూ చూపించుకోవాలని?"

"ఎవరూ చెప్పలేదు డాక్టర్," అంది నా భార్య.

నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. ఆ కాగితంలో నా చదరాన్నే చూస్తూ ఉండిపోయాను.

ఇద్దరం రక్తం ఇచ్చాం. ఆమెలో ఆ తేడా ఉందని తేలింది. నాలో లేదు. ఆ మాట వినగానే నా ఒళ్ళు తేలికైంది. పక్కన ఆమె ఉందన్న స్పృహ ఆ తరువాతే వచ్చింది.

బయటికి వచ్చి బస్టాపులో కూర్చున్నాం. తలకు కట్టుకున్న గుడ్డ సర్దుకుని ఆమె నా చెయ్యి పట్టుకుంది. "మంచిదే మామా. పాపకు నీ నుంచి రాదు. నా నుంచి వచ్చిందేమో పెద్దదైనాక చూపిద్దాం. పాపం, నువ్వెంత బయపడినావో."

నన్ను ఓదార్చింది. ఇక నావల్ల కాలేదు.

"అమ్మీ, మీ అమ్మను ఆసుపత్రిలో చేర్చినప్పుడే డాక్టరు నాకు చెప్పింది. నిన్ను ఏటేటా చూపించమనింది."

ఆమె చెయ్యి తీసేసుకుంది. మా బస్సు వచ్చి ఆగింది, మేం లేవలేదు, వెళ్ళిపోయింది.

"క్యాంపు పెట్టినప్పుడు తెలుసునా నీకు?"

"తెలుసు."

"అడిగినానే మామా. ఇంకేం చెప్పలేదా అని అడిగినానే."

"అడిగినావు. అబద్ధం చెప్పినా. నాకు ఉందేమో అని బయపడి నిన్ను చూపించకుండా పెట్టినా. పాపకు ఇదంతా నేనే చెప్తా, నేను చేసింది కూడా చెప్తా. తప్పు నాది అమ్మీ. అడిగేదానికి నాకు మొహం లేదు, అయినా అడుగుతా ఉండా. నన్ను మన్నించు."