ఏడేళ్లకు లేని నత్తి

నా బడిరోజుల్లో హిందూపురంలో పుస్తకాలు అద్దెకిచ్చే అక్క ఒకామె ఉండేది. కోపమొస్తే పుస్తకం అట్టమీద వేలి కణుపుతో కొట్టేది.

నాకు నత్తి. అక్క దగ్గరున్న డిటెక్టివ్ కథల్లో దొంగల్ని పట్టే పన్నెండేళ్ల పిల్లకూ నత్తే. అందుకే అవంటే నాకు ప్రాణం. తర్వాత ఆ పిల్ల చిన్ననాటి కథలంటూ కొత్త పుస్తకాలు వచ్చాయి. వాటిలో ఆమె ఏడేళ్లకే వకీలులా గడగడా మాట్లాడేది.

అవి అమ్మడానికి వచ్చినాయన ముందు అక్క అట్టమీద గట్టిగా కొట్టింది.

"ఏమప్పా, పుట్టునత్తి అని పాత పుస్తకంలో ఉండాది. ఏడేళ్లప్పుడు అది యాడికి పోయింది?"

"పిల్లలకు హుషారైన పిల్లే కావాలక్కా," అన్నాడాయన.

"ఈ పాప పిల్ల కాదా? అడుగు," అని పక్కనే ఉన్న నన్ను చూపించింది అక్క.

"నాకు... పా... పాతదే కావాల," అన్నాను.

అంత కోపంలోనూ అక్క నా మాటను తను పూర్తి చెయ్యలేదు, ఆయన్నీ చెయ్యనివ్వలేదు.