తాత తవ్విన కందకం

మా తాత ఒక్క తూటా పేల్చకుండా, చేతిలో పార తప్ప ఇంకో ఆయుధం లేకుండా, ఒకే ఒక్క ఉదయాన ఒక సైనిక శిబిరాన్ని మొత్తం ముంచేశాడు. ఇలాంటి వీరుడు ఏ దేశ చరిత్రలోనూ లేడు. ఆ శిబిరం మన సైన్యానిదే కావడం చిన్న విషయం.

ఆయన సైన్యంలో చేరింది వీరత్వం పొంగుకొచ్చి కాదు. ఇంటికొకడు రావాలన్నారు. చిన్న తాతను పంపితే తుపాకీ ఏ కొసన పేలుతుందో తెలుసుకునేలోపే పోతాడని జేజమ్మ పెద్దకొడుకును పంపింది. అలా పొలం చిన్న తాత చేతికొచ్చింది. ఆయన నాగలి పట్టాడంటే ఎద్దులకే సిగ్గేసేది. నాగటి చాలు, తాగి ఇంటికెళ్ళేవాడి నడకలా వంకర్లు పోయేది.

సైన్యంలో చేసే పని చూసి తాతకు నవ్వాలో ఏడవాలో తెలియలేదట. పొద్దున్నే బూట్లకు మొహం కనబడేలా పాలిష్ పెట్టించి, ఆ బూట్లతోనే బురదలో పాకించేవారు. దుప్పటి అంచు వంకరపోతే మైదానం చుట్టూ పరుగు. ఇక కవాతు. "అంతసేపు నడిచి, నిలబడిన చోటికే వచ్చేవాళ్ళం. గానుగెద్దు నయం, దాని వెనక నూనైనా వస్తుంది" అంటాడు తాత.

విజిల్ కంటే ముందే ఆయనకు మెలకువ వచ్చేది, ఎద్దులకు మేత వేసే వేళకి. లేచి, వేయడానికి ఏమీ లేక, మంచం మీద కూర్చునేవాడు. నిద్రలో ఎద్దుల్ని అదిలిస్తూ పక్క మంచం దర్జీని కాలితో తన్నేవాడు. "ఒరే దుక్కీ, నేను ఎద్దును కాదురా" అని దర్జీ మొత్తుకునేవాడు. ఆ పేరే స్థిరపడిపోయింది.

విత్తనాల అదును దగ్గరపడింది. కొత్త కందకాలు మేజరుకు నచ్చితే తవ్వినవాళ్ళకు సెలవు ఇస్తానని హవల్దారు చెప్పాడు. తాత నిద్రే పోలేదు. తను వెళ్ళకపోతే తమ్ముడు విత్తుతాడు. ఆ చాళ్ళను తలచుకుని, చీకట్లో దుప్పటి మీద వేలితో తిన్నటి గీతలు గీస్తూ కూర్చున్నాడు.

హవల్దారు తాత వంతు నేల మీద సున్నంతో గీత గీశాడు. అది మెలికలు తిరిగి ఉంది.

"ఈ వంకరలెందుకు సార్?"

"తూటా తిన్నగా వస్తుంది కాబట్టి."

"మరి నీళ్ళెలా పోతాయి?"

"నీళ్ళతో మనకేం పనిరా? గీత మీద తవ్వు."

హవల్దారు అటు తిరగగానే తాత ఆ గీతను బూటుకాలితో చెరిపేశాడు. ఇలాంటి వంకర పని చేయడానికి ఇంట్లో ఒకడున్నాడు, రెండోవాడు అక్కర్లేదనుకున్నాడు. గుట్ట మొదలు నుంచి తాడు పెట్టి లాగినట్టు తిన్నగా తవ్వాడు. వాలు ఎటు ఇవ్వాలో చేతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అడుగు నున్నగా కొట్టాడు, గట్లు అణిచాడు. ఆ వాలు చివర మేజరు గుడారం ఉందన్న సంగతి మాత్రం ఆ చేతులు పట్టించుకోలేదు.

మేజరు చూడ్డానికి వచ్చే రోజు తెల్లవారుతుండగా వాన దంచింది. గుట్ట మీది నీళ్ళన్నీ కందకంలోకి దిగి, ఎక్కడా తడబడకుండా, నేరుగా గుడారంలోకి వెళ్ళాయి. ముందు బూట్లు తేలుతూ వచ్చాయి. తర్వాత టోపీ. ఆ తర్వాత లుంగీ ఎగ్గట్టుకుని మేజరు.

"ఏం తవ్వావురా దరిద్రుడా?" అన్నాడు హవల్దారు.

"కాలవ సార్" అని నాలుక కరుచుకున్నాడు తాత. అప్పుడైనా నోరు మూసుకున్నాడా అంటే, లేదు. చాలా రోజుల తర్వాత పారే నీళ్ళు చూసిన మనిషికి ఒళ్ళు తెలియదు. "అక్కడ చిన్న అడ్డు వేస్తే పక్క గుడారానికి కూడా పారుతుంది సార్" అన్నాడు.

గీత మీద తవ్విన మిగతావాళ్ళంతా, దర్జీతో సహా, సెలవు మీద వెళ్ళారు. ఇంటి దగ్గర విత్తనాలు పడుతుంటే తాత ఇక్కడ బకెట్టుతో మేజరు గుడారం తోడుతూ ఉన్నాడు. తోడిన బురదను పిడికిట్లోకి తీసుకుని వాసన చూసి, పనికిరాని మట్టి అని ఉమ్మేశాడట.

కోతలయ్యాక గానీ ఇంటికి రాలేదు. సంచీ దించకుండా పొలానికే వెళ్ళాడు. మొదళ్ళు ఇంకా నిలబడి ఉన్నాయి, హవల్దారు గీసిన గీతలాగే మెలికలు తిరిగి. చిన్న తాత పక్కన నిలబడి నవ్వుతున్నాడు.

"ఎలా ఉందన్నయ్యా?"

"ఈ పొలంలో ఎవడికీ తూటా తగలదురా" అన్నాడు తాత.

పంట మాత్రం ఎప్పటికంటే బాగా పండింది. మేజరును ఎప్పుడో క్షమించిన తాత, ఆ పంటను మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

ఇదంతా ఆయనకు చదివి వినిపించి, "అంత సెలవు పోగొట్టుకున్నావు, ఆ గీత మీదే తవ్వి ఉండాల్సింది కదా తాతా?" అని అడిగాను.

"నా కాలవలో నీళ్ళు ఎక్కడైనా ఆగాయా?" అన్నాడు తాత. "ఆగలేదు. అది రాసి, లేచి వెళ్ళి ఆవుకు మేత వెయ్యి."