కామమ్మ ఉప్పు

అల్లూరు దాటి సముద్రం వైపు వెళితే కామమ్మ ఉండే పట్టపుపాళెం వస్తుంది. ఎండుచేపలు చెయ్యడంలో ఆమెకు ఆమే సాటి. చేపను వేళ్ళతో నొక్కి చూసి ఎంత ఉప్పు పట్టాలో చెప్పేది. ఆమె ఎండబెట్టిన చేపకు వానాకాలమంతా పురుగు పట్టేది కాదు. మాట మాత్రం కరుకు. గట్టిగా బేరమాడితే గంప ఎత్తుకుని వెళ్ళిపోయేది.

అరవై రెండులో ఆమె భర్త పోలేరయ్యకు మెడ మీద గడ్డ లేచింది. నెల్లూరులో మా డాక్టరుగారి దగ్గరికి తీసుకొచ్చింది. నేనక్కడ కాంపౌండరుని.

"ఇది రాచపుండులా ఉంది, కేన్సరు. ఇంకెక్కడో పుట్టి మెడకు పాకింది. ముక్క పరీక్ష చేయిస్తే పుట్టిన చోటు తెలియొచ్చు. తెలిస్తే వైద్యం చూద్దాం" అన్నారు డాక్టరుగారు.

గడ్డలోంచి చిన్న ముక్క కోసి, అది చెడకుండా ఉంచే మందునీళ్ళున్న సీసాలో వేశారు. దాన్ని పరీక్షకు మద్రాసు ఆస్పత్రికి చేర్చాలి. మొగుణ్ణి ఇంట్లో దిగబెట్టి, మర్నాడు రైలుకి తానే తీసుకెళతానంది కామమ్మ.

సీసా ఆమె చేతికిచ్చింది నేనే. "చెడిపోకుండా చూసుకోమ్మా" అన్నాను. ఆ నీళ్ళు ఎందుకో చెప్పలేదు. బయట రోగులు ఎదురుచూస్తున్నారు, తొందరలో ఉన్నాను. అంతకు మించి సాకు లేదు.

పదిరోజులకు మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. ముక్క ఎండి బిగుసుకుపోయిందట, ఏమీ తేలలేదట, ఇంకో ముక్క పంపమన్నారు. డాక్టరుగారు కామమ్మను పిలిపించి నిలదీశారు.

"ఇంటికి పోయి మూత తీస్తే ఘాటుకు కళ్ళు మండినాయి సామీ. నీళ్ళు కుళ్ళినాయనుకుని పారబోసినాను. మంచి ఉప్పు దట్టించి తీసకపోయినాను."

"బుద్ధుందా నీకు?" అని ఆయన కేకలేశారు.

ఆమె నా వైపు చూసింది. చెప్పకపోవడం నా తప్పేనని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను బల్ల మీది సీసాలు సర్దుతూ నిలబడ్డాను. ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మళ్ళీ కోయించుకోవడానికి పోలేరయ్య ఒప్పుకోలేదు. నెల తిరక్కుండానే పోయాడు. జబ్బు ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియనే లేదు. తెలిసినా ఆ రోజుల్లో బతికేవాడని చెప్పలేను. కానీ ఆ మాట కామమ్మకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

మరుసటేడు అల్లూరు సంతలో కనిపించింది. గంపలో అన్నీ పచ్చిచేపలే. ఎండుచేపలు మానేశావా అని అడిగాను.

"ఉప్పు ముట్టుకోబుద్ధి కావడంలా" అంది.

ఇప్పటికైనా నా తప్పు చెప్పుకుందామని నోరు తెరిచేలోగా ఆమే మెల్లగా అంది.

"ఆ ముక్క చెడిపోలేదు గదయ్యా. నువ్వు చెప్పినట్టే చూసుకున్నాను గదా?"