మైల పొర

మా లాబ్ శీతల గది బయట కొక్కేనికి ఒక ఎర్రటి మంకీ క్యాప్ వేలాడుతూ ఉంటుంది. ఇవాళ ఉదయం చేతి తొడుగు కోసం వెతుకుతుంటే అది ముఖానికి తగిలింది. ఇన్నేళ్ల తర్వాత కూడా కొబ్బరినూనె వాసన.

అది విజయ ఆంటీది. ధ్రువాల నుంచి తెచ్చిన మంచు కడ్డీలను కోసి, ఏ పొరలో ఏముందో కొలిచే ఈ షెఫీల్డ్ లాబ్‌లో ఆవిడ పాతికేళ్లు పనిచేశారు. ధ్రువాల దగ్గర ఏ ఏడు కురిసిన మంచు ఆ ఏటి పొరగా, పాతదాని మీద పేరుకుంటుంది. అణుబాంబులు పరీక్షించిన రోజుల్లో పైకెగసిన ధూళి ఎక్కడెక్కడో తిరిగి, మంచుతోపాటు రాలి, అరవైల నాటి పొరల్లో ఉండిపోయింది. కంటికి మాత్రం ఆ పొర కూడా తెల్లగానే ఉంటుంది.

"ఇది మైల పొర," అన్నారు మొదటి రోజు నాకు కడ్డీ చూపిస్తూ. "దీని కిందదంతా మడి. మడి చివర నుంచే కోసుకు రావాలి. పైనుంచి మొదలెట్టావో, రంపంతోపాటు మైల కిందికి దిగుద్ది."

నాకు ఒళ్లు మండింది. మా నాన్నను బతికినన్నాళ్లూ జనం గుమ్మం బయట నిలబెట్టింది ఆ మాటలతోనే. "ఆ మాటలు నా దగ్గర వద్దాంటీ," అన్నాను.

ఆవిడ రంపం ఆపేశారు. "నిజమేనయ్యా. మా నాయనమ్మ ఈ మాట పట్టుకునే మనుషుల్ని దూరం పెట్టింది. తప్పు చేసింది. ఈ మాట తగేది దీనికే. పదకొండో రోజు తలకి పోసుకుంటే పోయే మైల కాదిది." నా కోపం పూర్తిగా పోలేదు. కానీ ఆవిడ మీద గౌరవం ఆ రోజే మొదలైంది.

రెండేళ్ల తర్వాత గ్రీన్‌లాండ్ కడ్డీ ఒకటి వచ్చింది. నిలువునా చీల్చి ఒక సగం దాచి, రెండో సగం నాకిచ్చారు. తొందరలో ట్రే తిరగేసి పెట్టాను. నాలుగు ముక్కలు పైనుంచి కోశాక గాని చూసుకోలేదు. రంపం తుడిచేసి, నోరు మూసుకుని మిగతాది కోసేశాను. బాంబులు పుట్టకముందటి మంచులో అణుధూళి ఆనవాళ్లు కనబడ్డాయి.

"ఏ చివర నుంచి కోశావు?"

"కింది నుంచే ఆంటీ."

నా వీసా ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉంది. ఆవిడ కళ్లద్దాల పైనుంచి నన్ను చూశారు. "నువ్వు అబద్ధం ఆడవులే," అని, సరిచూసినట్టు రిజిస్టరులో సంతకం పెట్టారు.

కొన్ని నెలలకు దాచిన సగాన్ని వేరే లాబ్‌లో కొలిచారు. అందులో ఆ పాత మంచు శుభ్రంగానే ఉంది. ఆవిడ పేరుతో వెళ్లిన రిపోర్టు వెనక్కి వచ్చింది. ముసలితనం, చూపు ఆనలేదు అన్నారు అందరూ. అప్పటికి ఆవిడ కాన్సర్ వార్డులో ఉన్నారు. తలకు చలేస్తోందని కబురు పెడితే, మంకీ క్యాప్ తీసుకుని వెళ్లి, మంచం పక్కన నిలబడే నిజం చెప్పేశాను.

ఆవిడ క్యాప్ అందుకుని మడతలు సరిచేశారు. తిట్టినా బాగుండేది.

"అప్పుడే చెప్పుంటే ఆ దాచిన సగం నేనే కోసేదాన్ని కదరా. అప్పటికి చేతుల్లో ఓపికుంది." క్యాప్ నా చేతిలో పెట్టేశారు. "తీసుకెళ్లు. అక్కడే ఉంచు."

వారానికే పోయారు. తర్వాత ప్రొఫెసర్‌కు చెప్పాను. రిజిస్టరు తీసి ఆవిడ సంతకం పక్కన, 'కోసింది నేను. పైనుంచి కోశాను' అని రాశాను. ఉద్యోగం పోలేదు, పోతే తేలికపడేవాణ్ణేమో. కొత్తగా చేరేవాళ్లకు మొదట ఆ పేజీయే చూపిస్తాను, ఇవాళ కూడా చూపించాను. తప్పు ఒప్పుకున్నానని వాళ్లు నన్ను మెచ్చుకుంటారు. నా రాతకు రెండు వేళ్ల ఎడంలో ఆవిడ సంతకం ఉంటుంది. దాన్ని అంటిన మైల నాది.