నలభై ఒకటో గొంతు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను "సాక్ష్యం ఏదీ?" అని ఏడిపించే రకం నేను. ఇప్పుడు సాక్ష్యం నా దగ్గరే ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

తిరుపతిలో పరిశోధన చేస్తున్నాను. మా చిత్తూరు పల్లెల్లో క్రియల రూపాలు ఊరూరికీ ఎలా మారతాయో కంప్యూటర్‌తో లెక్కగట్టి చూడడం నా పని. అందుకోసం నలభై మంది పెద్దవాళ్ల మాటలు చిన్న రికార్డరుతో రికార్డు చేశాను. ముప్పై తొమ్మిది మందిని పూతలపట్టులో మా ఇంటి వసారాలోనే కూర్చోబెట్టాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వాళ్లను పిలిపించింది మా అమ్మే.

అమ్మ మాటలు మాత్రం తీసుకోలేదు. సొంత మనుషులు వద్దని నా నియమం.

"ఊరందరి మాటలూ పట్టుకుంటా ఉండావే, నా మాటలు పనికిరావా పాపా?" అనేది. నవ్వి ఊరుకునేదాన్ని.

పోయినేడాది అమ్మ చనిపోయింది. ఆమె గొంతు నా దగ్గర ఒక్క ముక్క కూడా లేదని అప్పుడు తెలిసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

మూడు నెలల తర్వాత, నలభయ్యో మనిషి కోసం పాకాల వెళ్లాను. ఒంటరిగా ఉండే పెద్దాయన. పట్టపగలు, ఇంట్లో మేమిద్దరమే.

తర్వాత అన్ని రికార్డింగులనూ, ఎవరి గొంతు వారిదిగా విడదీసే ప్రోగ్రాముకు ఇచ్చాను. నేను కాక నలభై గొంతులు రావాలి. నలభై ఒకటి వచ్చాయి.

అదనంగా వచ్చింది అమ్మ గొంతు. "మజ్జిగ తాగి మాట్లాడప్పా, మాటలు యాడికి పోతాయి" అని వచ్చినవాళ్లందరితో వెనకనుంచి అన్న ముక్కలు. వెక్కి వెక్కి ఏడ్చాను. ఇంతవరకు వింతేమీ లేదు.

చివరి ముక్క పాకాలది. పెద్దాయన దగ్గుతూ మాట ఆపాడు. ఆ దగ్గు మధ్యలోనే అమ్మ అడిగింది. "ఏమన్నా తినినావా పాపా?"

వెంటనే నా గొంతు. "తినినాలేమ్మా."

నేను ఆ మాట అన్నట్టే గుర్తు లేదు. పాత ముక్క కలిసిపోయిందేమో అన్నారు మా గైడు మేడం. తేదీ, ఫైలు పదిసార్లు చూశాను. చివరికి పెద్దాయనకే ఫోన్ చేశాను.

"నేను దగ్గతా ఉంటే నడాన ఎవురితోనో మాట్లాడినావు కదమ్మా. ఫోనేమో అనుకున్నా" అన్నాడాయన.

ఫోన్ ఆ రోజు బ్యాగులో ఉంది, ఆపేసి. ఇదంతా ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. నాకు కచ్చితంగా గుర్తున్నది ఒక్కటే. ఆ రోజు పొద్దున్నుంచీ నేనేమీ తినలేదు. అమ్మకు అబద్ధం చెప్పాను.