ఎదురొచ్చిన రాజవ్వ

కోరుట్లలో మా మనుమరాలు శ్రావణి బడిలో ఇచ్చిన బనియన్‌ను సంచిలోంచి తీయగానే ఇల్లంతా కొత్త బట్ట వాసన. పిల్లల దవాఖానకు డబ్బులు పోగుచేయడానికి జగిత్యాలలో పరుగు పెడుతున్నారట, పెద్దవాళ్లు నడిచినా సరేనట. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే ఆ పిల్లే ఇదంతా రాస్తున్నది. ఆ పరుగు అయిపోయింది కానీ నా కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. పరుగు మీద కాదు నా కోపం. దేని మీదో చెప్తాను.

మాది కొడిమ్యాల పక్కన చిన్న పల్లె. నాయిన సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు. బతుకమ్మ పండుగకు వస్తూ ఆయన తెచ్చే గుడ్డకు గంజి వాసన ఉండేది. నేనూ చెల్లె గంగూ అందులో మొహాలు దాచుకుని కుట్టకముందే సగం నలిపేసేవాళ్లం. వానలు వెనకబట్టి, చేల గట్ల మీద తంగేడు పచ్చగా పూసి, గునుగు తెల్లగా ఊగే రోజులవి. ఒడి నిండా పూలు తెంపుకొచ్చి గునుగుకు రంగులద్దితే ఆ గులాబీ రంగు అన్నం తినేటప్పుడు కూడా వేళ్లను వదిలేది కాదు. అమ్మ సజ్జరొట్టెలు కాల్చి, వేడి మీదే బెల్లంతో నలిపి మలీద ముద్దలు కడుతుంటే, గంగు పొయ్యి దగ్గర పిచ్చుక పిల్లలాగా నోరు తెరుచుకుని నిలబడేది. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద నిలవలేక పడిపోయి, పడ్డది తను కాదు, నేలే కదిలిందని నాతో కొట్లాడేది.

ఇంట్లో నాయినమ్మ మాటే చట్టం. ఎవరు ఊరికి బయలుదేరినా ముందు తను వాకిట్లోకి వెళ్లి, నడుం మీద చేయి పెట్టుకుని వాడ అటు కొస, ఇటు కొస చూసేది. నీళ్ల బిందె ఎదురైతే మంచిది, ఆవు ఎదురైతే మంచిది. మొగుడు పోయిన ఆడది ఎదురైతే మాత్రం వెనక్కి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగి, కాసేపాగి మళ్లీ బయలుదేరాలి. మా వాడలో అలాంటిది పక్కింటి రాజవ్వ ఒక్కతే. ఆమె మొగుడు తాటిచెట్టు మీది నుంచి పడి చచ్చిపోయాడు. ఆమె రోడ్డు పక్కన కల్లు అమ్ముకుని బతికేది. ఎవరింట్లోనైనా చెప్పుల చప్పుడైతే చాలు, తనే గోడ వైపు మొహం తిప్పుకుని నిలబడేది. అలా నిలబడటం ఆమెకు ఎవరు నేర్పారో అప్పుడు నేను అడగలేదు.

పండుగ అయిపోయి నాయిన సిరిసిల్ల వెళ్లిపోయాక గంగుకు జ్వరం వచ్చింది. ఒక పొద్దున పిల్ల కళ్లు తేలేసి కాళ్లూ చేతులూ కొట్టుకోసాగింది. జగిత్యాల దవాఖానకు తీసుకుపోవాలి, బస్సేమో సాయంత్రం దాకా లేదు. అమ్మ ఏడుపు విని రాజవ్వ రోడ్డు మీదికి ఉరికిన సంగతి మాకెవరికీ తెలియదు. అమ్మ పిల్లను భుజాన వేసుకుని గడప దాటుతుండగా ఆమె రొప్పుకుంటూ ఎదురొచ్చింది.

“లచ్చవ్వా, లారీ ఆపిన! జగిత్యాలకే పోతదట. జల్ది రా!”

నాయినమ్మ అమ్మ రెక్క పట్టుకుంది. “ఆగవే! పిల్లను పట్టుకొని పోతుంటే గీ ముండమోపే దొరికిందా ఎదురు? లోపటికి రా. కూసో. నీళ్లు తాగు.”

“పిల్ల గుడ్లు తేలేస్తుంది అత్తా...”

“గందుకే కూసోమంటున్న.”

“తిట్టుడు ఎన్కసిరి తిట్టు పెద్దమ్మా, లారీ పోతది!” అని రాజవ్వ చేతులు జోడించింది. “నేను గోడ దిక్కు తిరుగుత, నా మొఖం సూడకుండ్రి. పోండ్రి!”

గోడ వైపు తిరిగింది కూడా. అయినా అమ్మను కూర్చోబెట్టారు. తాగించిన నీళ్లు సగం కొంగు మీదే పడ్డాయి. మేము రోడ్డెక్కేసరికి లారీ లేదు, అది లేపిన దుమ్ము కూడా అణిగిపోయింది. ఎడ్లబండి కట్టించుకుని కొంత దూరం పోయాక అమ్మ బండి ఆపమంది. గంగును ఒళ్లో అలాగే పట్టుకుని, వెనక్కి తిప్పమంది.

ఊరు ఊరంతా రాజవ్వనే తిట్టింది, ఆమె మొహమే పిల్లను మింగిందన్నది. లారీ మాట ఒక్కరూ ఎత్తలేదు. దవాఖానకు చేరితే గంగు బతికేదో లేదో నాకు తెలియదు. కానీ లారీని ఆపింది రాజవ్వ, పిల్లను ఆపింది మా ఇల్లు.

మొన్న ఆదివారం జగిత్యాల మైదానంలో మైకులో పాటలు, నీళ్ల సీసాలు, ఫోటోలు. శ్రావణి పక్కన, ముందు వరుసలో నేనూ నిలబడ్డాను. పరుగు మొదలుపెట్టడానికి వచ్చిన పెద్దసారు కొబ్బరికాయ కొట్టబోతుండగా ఏర్పాట్లు చూస్తున్న ఒక పడుచుపిల్ల బొట్టు లేని నా బోడి నుదురు చూసి నవ్వుతూ దగ్గరికొచ్చింది.

“అమ్మమ్మా, జర గా పక్కకు నిలబడవా? సార్ జెండా ఊపుతడు. ముంగట ముత్తైదువలుంటే మంచిగుంటది.”

“మా అమ్మమ్మకు గూడ నంబర్ ఇచ్చిండ్రు గదా అక్కా, ఎందుకు జరగాలె?” అని శ్రావణి గట్టిగానే అడిగింది.

నాకు ఒళ్లు మండింది. “గీ ఉరుకుడు పిల్లల దవాఖానకే గదా బిడ్డా? అయితె నేను ఈన్నే ఉంట. నా మొఖం పడకపోతే సార్‌ను కండ్లు మూసుకొమ్మను!”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల ఎర్రబడిన మొహంతో వెళ్లిపోయింది. చదువుకున్న పిల్ల, చెడ్డపిల్ల కూడా కాదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

గునుగు పూసే గట్లు ఇప్పుడు ప్లాట్లయ్యాయి, కల్లు అమ్మిన చోట పెట్రోల్ బంకు లేచింది. మలీద చేసే ఓపిక మా బిడ్డకు లేదు. నాయినమ్మ పోయింది, అమ్మ పోయింది, రాజవ్వ ఎప్పుడు పోయిందో చెప్పేవాళ్లే లేరు. ఇన్ని పోయాయి, పోవాల్సింది మాత్రం పోలేదు.

నేను జరగలేదు. సార్ జెండా ఎత్తి తలెత్తినప్పుడు ఆయన కళ్లకు ఎదురుపడ్డ మొదటి మొహం నాదే.